అడిగితే తెలిసేది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ విభాగం చూసేవాణ్ణి. తప్పు కనిపిస్తే వెంటనే చెప్పేవాణ్ణి. ఒప్పు కనిపిస్తే, "జీతం ఇచ్చేది అందుకేగా" అనుకునేవాణ్ణి. ఒకరోజు తొమ్మిదేళ్లుగా లైను మీద ఉన్న ఆపరేటర్ రాజీనామా తెచ్చాడు. కారణమేమిటని అడిగాను. "సార్, ఇన్నేళ్లలో మీరు నన్ను ఒక మాట అడగడం ఇదే మొదటిసారి" అన్నాడు. ఎంత చెప్పినా ఆగలేదు.

ఆ తరువాతే నేను ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. మనిషి పనిలో మనసు పెట్టాలంటే మూడు కావాలని 1990లో విలియం కాన్ అనే అమెరికా పరిశోధకుడు రాశారు: ఆ పనికి అర్థముందనిపించాలి, నోరు విప్పితే ముప్పు రాదన్న ధైర్యముండాలి, పని చేసే ఓపిక మిగలాలి. మనస్తత్వ శాస్త్రం మనిషి లోపాలతోపాటు బలాలను కూడా పరిశీలించాలని మార్టిన్ సెలిగ్మన్ 1998 నుంచి గట్టిగా చెబుతూ వచ్చారు. అదే పాజిటివ్ సైకాలజీ.

కోచింగ్ అనగానే మనకు ఎంసెట్ గుర్తొస్తుంది. ఇది వేరు. ఇందులో జవాబు మనం చెప్పం, అడుగుతాం. జాన్ విట్మోర్ 1992లో రాసిన పుస్తకంతో ప్రచారమైన పద్ధతిలో నాలుగే మెట్లు: ఏం సాధించాలి? ఇప్పుడెక్కడున్నాం? ఏ దారులున్నాయి? ఏది, ఎప్పుడు చేస్తావు?

వారానికొకసారి ఒక్కొక్కరితో పదిహేను నిమిషాలు కూర్చున్నాను. ఒక లైనులో రిజెక్షన్లు ఎక్కువైతే, "నువ్వైతే ఏం చేస్తావమ్మా?" అని అక్కడి అమ్మాయిని అడిగాను. షిఫ్టు మారేటప్పుడు రెండు జట్లూ ఐదు నిమిషాలు మాట్లాడుకుంటే చాలంది. అలాగే చేశాం, రిజెక్షన్లు తగ్గాయి. మెచ్చుకోవడం కూడా నేర్చుకున్నాను. ఊరికే "గుడ్" అనకుండా, ఏ పని బాగుందో, దానివల్ల ఎవరికి మేలు జరిగిందో చెప్పాలి.

అయితే ఒక మాట. ఓవర్‌టైమ్ డబ్బులు ఆపి ప్రశంసాపత్రం ఇస్తే అది మోసం. చాలినంత జీతం, చాలినంతమంది మనుషులు ఉన్నచోటే ఇవన్నీ పనిచేస్తాయి.

మన లెక్కల మాస్టారు తప్పు లెక్కను కొట్టేసేవారు కాదు. "ఇక్కడిదాకా బాగానే చేశావురా. తరవాత ఏమనుకున్నావో చెప్పు" అనేవారు. ఎనిమిదో తరగతిలో చూసినదాన్ని ఉద్యోగంలో మరిచిపోయాను. మీ కింద నలుగురు పనిచేస్తుంటే, రేపే ఒకరిని కూర్చోబెట్టి అడగండి. రాజీనామా చేతికొచ్చేదాకా నాలాగా ఆగకండి.