రైలుబాట ప్రక్కన శరణాగతుడు



పిల్లలతో గూడి ఇంటిల్లిపాదియు చూచు చలనచిత్రమున నెవరెవరు కనబడవలెననునది నేటి ప్రసంగ విషయము. ఇది చిన్న విషయము కాదు. బాలుడు తెరపై నెవరిని చూచునో వారినే లోకమని యెంచును; ఎవరిని చూడడో వారు లేరనియే తలచును. బహుకాలము బడిపిల్లల నడుమ గడపిన నేను ఈ మాట నమ్మికతో చెప్పగలను. దీనికి దృష్టాంతముగా ఇంగ్లండు దేశపు రైలుకథ నొకదానిని మీ ముందుంచెదను.

ఈడిత్ నెస్బిట్ అను రచయిత్రి 1906లో "ది రైల్వే చిల్డ్రన్" అను నవలను ప్రకటించెను. తండ్రి చేయని నేరమునకు చెరపాలు కాగా, తల్లితో పల్లెకు వచ్చిన ముగ్గురు పిల్లలకు రైలుస్టేషనే లోకమగును. కొండచరియ విరిగి పట్టాలపై బడినప్పుడు వారు ఎఱ్ఱని లంగాలను చించి, జెండాలుగా నూపి రైలు నాపుదురు. 1970లో లయొనెల్ జెఫ్రీస్ ఈ కథను చలనచిత్రముగా తీసెను. యార్కుషైరులోని ఓక్‌వర్తు స్టేషను దానివలన ప్రసిద్ధి కెక్కినది.

2022లో మోర్గన్ మాథ్యూస్ దర్శకత్వమున దీని తరువాయికథ వెలువడెను. అందలి కాలము 1944. బాంబుల భయముచే తల్లి పంపివేసిన ముగ్గురు పిల్లలు సాల్‌ఫర్డునుండి ఓక్‌వర్తు చేరుదురు. అచ్చట స్టేషనుయార్డులో గాయపడి దాగియున్న ఏబ్ అను అమెరికా సైనికుని కనుగొందురు. అతడు నల్లజాతివాడు, వయస్సు దాచి సైన్యమున జేరిన బాలుడు, తమ సైన్యపు పోలీసుల జాతిద్వేషమునకు తాళలేక పారిపోయి వచ్చినవాడు. పిల్లలతనికి సాయపడుదురు.

"ఈ పల్లెకథలో నల్లజాతివాని నేల చొప్పించిరి? లెక్క సరిపెట్టుటకే కదా!" యని యెవరైన ననవచ్చును. దీనికి రెండు సమాధానములు కలవు. మొదటిది చరిత్ర. ఆ యుద్ధకాలమున లక్షకు పైబడిన నల్లజాతి అమెరికా సైనికులు బ్రిటనునకు వచ్చిరి. వారి సైన్యమున జాతినిబట్టి దళములు వేఱు. లాంకషైరులోని బాంబర్ బ్రిడ్జి గ్రామమున, నల్లవారిని దూరముంచుడని సైన్యాధికారులు కోరగా, మద్యశాలలవారు "నల్లసైనికులకు మాత్రమే" అని పలకలు కట్టిరని చెప్పుదురు. అచ్చటనే 1943 జూన్ 24వ తేది రాత్రి సైనిక పోలీసులకును నల్లజాతి సైనికులకును కాల్పులు జరిగి, విలియం క్రాస్‌లాండ్ అను సైనికుడు మరణించెను. కావున ఏబ్ చొప్పింపబడినవాడు కాడు; ఇంతకాలము విడువబడినవాడు.

రెండవది మూలకథయే. నెస్బిట్ నవలలో, భార్యాబిడ్డలను వెదకుచు వచ్చి స్టేషనులో దిక్కుతోచక నిలిచిన రష్యాదేశపు ప్రవాసికి ఆ కుటుంబము ఆశ్రయ మిచ్చును. నిరపరాధియైన తండ్రి చెరసాలలో నున్నాడు. పరదేశికి ఆదరణ, నిరపరాధికి న్యాయము: ఈ రెండును ఆ కథకు పుట్టుకతో వచ్చిన ధర్మములు. శిబి చక్రవర్తి పావురమును కాచిన కథ నెఱిగిన మనకిది క్రొత్త కాదు. ఇందొక విశేషమున్నది: ఇచ్చట శరణిచ్చినవారును ఇల్లు విడిచి వచ్చిన పిల్లలే.

అయినను చిత్రమున నొక లోపము కలదు. తుదకు పిల్లలు రైలు నాపగా, నల్లజాతి సేనాని యొకడు కలుగజేసికొనుటచే ఏబ్ విడుదల పొందును. అప్పటి అమెరికా సైన్యమున జనరల్ పదవి నందిన నల్లజాతివాడు బెంజమిన్ డేవిస్ ఒక్కడే. అది 1940 నాటి మాట. బాంబర్ బ్రిడ్జి సైనికులకు అట్టి రక్షకుడు రాలేదు. పలువురికి సైనిక న్యాయస్థానము శిక్షలు విధించెను. సైన్యమున ఈ భేదమును తొలగింపవలెనని అధ్యక్షుడు ట్రూమన్ ఆజ్ఞాపించినది 1948లో. ఒక పెద్దమనసువలన అన్యాయము తీరునని పిల్లలు నమ్మరాదు, చట్టము మాఱవలెను.

పెద్దలారా! మనుమలతో చిత్రము చూచునపు డీ రెండు ప్రశ్నలు వేయుడు. ఈ కథాకాలమున అచ్చట నుండియు తెరపై కానరానివా రెవరు? కనబడినవారికి పేరు, కోరిక, మాట ఉన్నవా, లేక ముఖము మాత్రమే యున్నదా? వంటవాడుగనో, మూట మోయువాడుగనో ప్రక్కన నిలిపినంత మాత్రమున ప్రాతినిధ్యము కాదు. పంక్తిలో పీట వేసి విస్తరి వేయకున్న నది మర్యాద యగునా?