రెండూ వంద డిగ్రీలే

మన బళ్లో ‘గుప్తోష్ణం’ రెండు మార్కుల ప్రశ్న. థర్మల్ కేంద్రంలో చేరే కుర్రాళ్లకు నేను మొదట చెప్పే పాఠం అదే.

మరిగే నీళ్లూ, వాటి ఆవిరీ రెండూ 100 డిగ్రీలే. థర్మామీటరుకు తేడా తెలియదు, చర్మానికి తెలుస్తుంది. గ్రాము మరుగునీరు మన ఒంటి వేడికి, అంటే 37 డిగ్రీలకు చల్లారేలోగా 63 కెలోరీలు వదులుతుంది. గ్రాము ఆవిరి నీరుగా మారేటప్పుడే 540 వదిలి, ఆపైన ఆ 63 కూడా ఇస్తుంది. ఉష్ణోగ్రత ఒకటే, ఉష్ణం దాదాపు పదింతలు!

పైగా అసలు ఆవిరి కంటికి కనబడదు. తెల్లగా కనిపించేది అప్పటికే నీటి తుంపర. అందుకే పైపు దగ్గర బుస్సుమని వినిపిస్తే మావాళ్లు చెయ్యి చాపరు. ఇంట్లో ఇడ్లీపాత్ర మూత కూడా అవతలి అంచు ముందు లేచేలా తీయండి, ఆవిరి అటే పోతుంది.