కువైట్‌లో ఒక అర్ధరాత్రి

కువైట్‌లో ఒక రాత్రి పన్నెండు దాటాక నేను దిగిన హోటల్ మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. ఒళ్ళో చిన్న సంచీ. నా తెలుగు విని లేచి, "ఏ ఊరమ్మా మీది?" అంది. తనది రాజోలు దగ్గర. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే అర్ధరాత్రి దాకా చాకిరీయేనట. జీతం అడిగితే వీధిలోకి నెట్టారు. పాస్‌పోర్టు యజమానురాలి బీరువాలోనే ఉంది.

అక్కడి 2015 నాటి 68వ నంబరు చట్టం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదంటుంది. వారానికో సెలవిమ్మంటుంది. పనిమనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దాచకూడదంటుంది. ఆ మాటే చెప్పాను. "ఆ చట్టం మా వంటింట్లోకి రాదమ్మా" అంది. పైగా యజమాని "పారిపోయింది" అని ఫిర్యాదు చేస్తే నేరస్థురాలు ఆమే! (గెంటేసింది ఎవరో ఎవరూ అడగరు.)

పొద్దున్నే మన ఎంబసీకి వెళ్ళాం. పంపిన ఏజెంటు ఎవరని దారిలో అడిగాను.

"మా మేనత్త కొడుకే" అంది.