టండ్రా నేలల చలికాలపు పద్దు

  ఈ రోజు పట్టాలు అందుకుంటున్న విద్యార్థినీ విద్యార్థుల్లో కొందరైనా రేపు నేలనూ గాలినీ కొలిచే పనిలో చేరతారు కాబట్టి, ఈ ప్రసంగం ఆర్కిటిక్ టండ్రా గురించి.

ఉత్తర ధ్రువం చుట్టూ గడ్డకట్టి ఉన్న నేలల్లో దాదాపు 1.5 లక్షల కోట్ల టన్నుల కార్బన్ ఉంది. వాతావరణంలో ఉన్నదానికి ఇది సుమారు రెట్టింపు. వేల ఏళ్లుగా చలికి కుళ్లకుండా పేరుకుపోయిన మొక్కల నిల్వ అది. 1979 నుంచి ఆర్కిటిక్ ప్రపంచ సగటుకు దాదాపు 4 రెట్లు వేగంగా వేడెక్కుతోంది. కరిగిన చోటల్లా సూక్ష్మజీవులకు తిండి దొరుకుతోంది.

ఆ తిండి తిని అవి ఏ వాయువు వదులుతాయన్నది నీటిని బట్టి ఉంటుంది. ఆరిన మెరకలో ఆక్సిజన్ అంది కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అక్కడి కొన్ని బ్యాక్టీరియాలు గాలిలోని మీథేన్‌ను కూడా తినేస్తాయి. నీళ్లు నిలిచిన పల్లంలో మీథేన్ పుడుతుంది. తుంగజాతి మొక్కల కాడల్లోని బోలు గొట్టాల గుండా అది నేరుగా పైకొస్తుంది.

వేసవిలో మొక్కలు కార్బన్‌ను జమ చేస్తాయి. పరిశోధకులు ఎక్కువగా వెళ్లిందీ అప్పుడే. ఖర్చు మాత్రం ఆ తర్వాత మొదలవుతుంది.

శరదృతువులో నేల పైనుంచీ కిందినుంచీ గడ్డకడుతుంది. నీరు మంచుగా మారుతూ వదిలే వేడివల్ల మధ్యపొర వారాల తరబడి సున్నా డిగ్రీల దగ్గరే నిలిచిపోతుంది. పైన మంచు కురుస్తున్నా లోపల సూక్ష్మజీవులు పని ఆపవు. అలాస్కాలో 5 చోట్ల టవర్ల మీద, మంచు పట్టకుండా వేడిచేసే పరికరాలు కూడా వాడి ఏడాది పొడవునా మీథేన్‌ను కొలిచారు. ఏడాది మీథేన్‌లో కనీసం సగం సెప్టెంబరు, మే నెలల మధ్యే వెలువడుతోందని 2016లో తేలింది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా గడ్డకట్టిన నేలల ప్రాంతం నుంచి ఏటా సుమారు 170 కోట్ల టన్నుల కార్బన్ పోతోందని 2019లో మరో అంచనా వచ్చింది. వేసవి జమ 100 కోట్ల టన్నులే.

ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో భారత పరిశోధన కేంద్రం ‘హిమాద్రి’ 2008లో మొదలైంది. మన శాస్త్రవేత్తల తొలి చలికాలపు యాత్ర అక్కడికి బయల్దేరింది 2023 డిసెంబరులో. చలికాలపు పద్దులో ఖాళీలు ఇంకా చాలా ఉన్నాయి. వాటిని పూరించాలంటే నేలశాస్త్రం చదివినవారు, పరికరాలు బాగుచేయగలవారు, గణాంకాలు విశ్లేషించగలవారు కావాలి. ఈ మూడు రకాలవారూ ఈ హాల్లోనే ఉన్నారు.