శాసనసభ కొలువుదీరు విధము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



భారతమున సభాపర్వము చదివినవారు ద్యూతసభను మరవలేరు. ఆ సభలో వృద్ధులకు కొదువ లేదు, శాస్త్రము తెలిసినవారికి కొదువ లేదు. ద్రౌపది అడిగిన ప్రశ్నయో, ఒక్కటే. తన్ను తానోడిన పిమ్మట ధర్మరాజునకు భార్యను పణముగా నొడ్డు అధికారము గలదా? భీష్ముడు ధర్మము సూక్ష్మమని ఊరకుండెను. సమాధానము చెప్పుట సభ్యుల విధియని విదురుడు హెచ్చరించెను. ధృతరాష్ట్రుని కుమారులలో ఒకడైన వికర్ణుడు లేచి న్యాయము పలికెను. కర్ణుడు అతనిని గద్దించెను. ప్రశ్న ప్రశ్నగనే నిలిచిపోయెను. ఇందులకు పెద్దలు పెక్కు కారణములు చెప్పుదురు. ఒక కారణము మాత్రము పామరునకును కనబడునట్టిదే. ఆ సభలో పీఠమున నున్నవాడు, పందెమున గెలుచుచున్నవాని తండ్రి. గెలుపెవరిదైనదని మాటిమాటికి ఆతురతతో అడిగిన తండ్రి.

శాసనసభ ఏ విధముగ కొలువుదీరునో చెప్పదలచిన ప్రసంగమునకు ఈ కథ దూరపు చుట్టము గాదు. ఎన్నికలు ముగిసి క్రొత్తగా కూడిన సభ తొలుత తీర్మానించుకొనునది చట్టమును గూర్చి గాదు, పన్నును గూర్చియు గాదు. పీఠమున ఎవరిని కూర్చుండబెట్టవలెననుటయే దాని మొదటి తీర్మానము. ఆ పని పూర్తియగువరకు సభకు తక్కిన పనులపై చేయివేయు వీలు లేదు.

ఓట్ల లెక్కింపు ముగిసిన రాత్రియే సభ యేర్పడినదని పలువురు తలంతురు. అది పొరపాటు. గెలిచినవారి పేర్లను ఎన్నికల సంఘము గెజెటునందు ప్రకటింపవలెను. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము ఆ ప్రకటనతో సభ యేర్పడినట్లు లెక్క. అటుపై గవర్నరు అధిక సంఖ్యాకుల నాయకుని పిలిచి మంత్రివర్గమును ఏర్పరపించును. సభ ఒక్క దినమైనను కూడకమునుపే మంత్రులు ప్రమాణము చేసి పనిలో ప్రవేశించుట సాధారణము. సభ ఆయుర్దాయమగు అయిదేండ్లు మాత్రము ఎన్నిక నాటినుండి గాని మంత్రుల ప్రమాణము నాటినుండి గాని నడువవు. తొలి సమావేశమునకు నిర్ణయించిన తేదీనుండియే నడచును. దస్తావేజులలో తేదీ విలువ ఎరిగినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక చిక్కు ఒకటి గలదు. సభ్యులు ప్రమాణము చేయనిదే స్పీకరును ఎన్నుకొనలేరు. స్పీకరు లేనిదే సభ నడువదు. విత్తు ముందా చెట్టు ముందా యను ఈ వివాదమునకు రాజ్యాంగము 180వ అధికరణమున తెరువు చూపినది. స్పీకరు, డిప్యూటీ స్పీకరు పదవులు రెండును ఖాళీగ నున్నప్పుడు గవర్నరు సభ్యులలో నొకరిని పీఠమునకు నియమించును. ఆయనను ప్రొటెం స్పీకరందురు. అనుభవమున పెద్దవారిని నియమించుట ఆచారము. శాసనము మాత్రము వయస్సును గాని అనుభవమును గాని విధింపలేదు. ఆచారమునకు, శాసనమునకు నడుమ ఉన్న ఈ సందులోనే తగవులు పుట్టును. 2023 డిసెంబరులో తెలంగాణ శాసనసభకు అక్బరుద్దీన్ ఒవైసీ ప్రొటెం స్పీకరు కాగా, భారతీయ జనతా పక్ష సభ్యులు ఆయన సమక్షమున ప్రమాణము చేయ నిరాకరించి, స్పీకరుగా గడ్డం ప్రసాద్ కుమార్ ఎన్నికైన పిమ్మటనే ప్రమాణము చేసిరి. 2024 జూనులో ఆంధ్రప్రదేశ్ సభయందు ఆ పీఠమెక్కిన గోరంట్ల బుచ్చయ్య చౌదరి 21వ తేదీన సభ్యులచే ప్రమాణము చేయించిరి. మరునాడు చింతకాయల అయ్యన్నపాత్రుడు ఏకగ్రీవముగ స్పీకరైరి. రెండు దినముల కొలువే గదాయని ప్రొటెం పదవిని తేలికగ చూడరాదు. తొలి పుటను ఆ చేతియే తెరచును.

ప్రమాణమున సభ్యుడు రాజ్యాంగమునకు విధేయుడనై యుందునని చెప్పును. దేశ సార్వభౌమత్వమును, సమగ్రతను కాపాడుదునను మాట 1963లో చేరినది. దైవసాక్షిగ చెప్పువారు దైవసాక్షిగను, అట్లు ఇష్టపడనివారు ఆత్మసాక్షిగను చెప్పవచ్చును. పిదప సభ్యుల పట్టికలో సంతకము చేసి తన స్థానమునకు పోవలెను. ప్రమాణము చేయక సభలో కూర్చున్నవారికి, ఓటు వేసినవారికి దినమునకు 500 రూపాయల అపరాధము గలదు. అది రాష్ట్రమునకు రావలసిన బాకీగ వసూలు చేయబడును. 1950లో ఆ మొత్తము పెద్దదే. నేటికిని ఆ అంకె మారలేదు. బాకీ స్వల్పమైనను పద్దు మాత్రము గట్టిది. ఎంతటి ఆధిక్యముతో గెలిచినవాడైనను సంతకము చేయువరకు ఆ సభలో పరాయివాడే.

అటుపిమ్మట స్పీకరు ఎన్నిక. ఒకరు ప్రతిపాదింతురు, ఒకరు బలపరచుదురు. గ్రంథాలయ వార్షిక సభలో అధ్యక్షుని ఎన్నుకొను తీరును చూచినవారికి ఇది క్రొత్త గాదు. పోటీ లేనిచో ప్రొటెం స్పీకరు ఫలితమును ప్రకటించును. అప్పుడు సభానాయకుడగు ముఖ్యమంత్రియు, ప్రతిపక్ష నాయకుడును ఇరువైపుల నిలిచి క్రొత్త స్పీకరును పీఠము వద్దకు తోడ్కొని పోవుదురు. ఎన్నికల వేదికలపై ఒకరి నొకరు తూలనాడుకొన్నవారు ఆ నాలుగడుగులు కలసి నడచుట చూడదగిన దృశ్యము.

ఈ యెన్నికలో లెక్క యొకటి దాగియున్నది. ఆంధ్రప్రదేశ్ సభలో స్థానములు 175. ఒక పక్షమునకు 88, ఎదుటి పక్షములకు 87 వచ్చినవనుకొందము. 88 మందిలో నొకరు స్పీకరైనచో, సామాన్యముగ ఓటు వేయు హక్కు ఆయనకు పోవును. మిగిలినది 87కు 87. ఇరువైపుల సమానమైనప్పుడు మాత్రమే స్పీకరు నిర్ణాయకమైన ఓటు వేయును. అనగా పాలించు పక్షము తన బలమునుండి ఒకరిని తీసి తటస్థ స్థానమున నుంచనిదే పరిపాలన మొదలు గాదు. ఒక ఓటు ఏపాటిదని అడుగువారు 1954 నవంబరు నాటి కర్నూలును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. టంగుటూరి ప్రకాశం పంతులు మంత్రివర్గము ఆంధ్రరాష్ట్ర సభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయెను.

స్పీకరు తటస్థుడుగ నుండుటకు శాసనము కొన్ని గోడలు కట్టినది. ఆయన జీతము సభ ఓటునకు పెట్టబడదు. ఆయనను తొలగింపదలచినచో 14 దినములు ముందుగ నోటీసు ఈయవలెను. నాటికి గల సభ్యులందరి సంఖ్యలో సగమునకు మించినవారు ఒప్పుకొనవలెను, ఆ దినమున హాజరైనవారిలో అధిక సంఖ్య చాలదు. ఆ తీర్మానము నడుచునప్పుడు ఆయన పీఠమున కూర్చుండరాదు గాని, సభ్యునివలె మాటలాడవచ్చును. గోడలైతే శాసనము కట్టినది. లోపల కాపురముండవలసినది మనుష్యుడే. 1967లో లోక్‌సభ స్పీకరైన నీలం సంజీవరెడ్డి తన పక్ష సభ్యత్వమునకు రాజీనామా చేసిరి. 1985లో రాజ్యాంగమునకు చేర్చిన పదవ షెడ్యూలు, స్పీకరైనవారు పక్షమును విడిచినను అనర్హులు గారని ద్వారము తెరచియే యుంచినది. ఆ ద్వారము గుండ నడిచినవారు అరుదు.

ఆ షెడ్యూలే మరియొక బరువును స్పీకరు తలపై పెట్టినది. పక్షము మారిన సభ్యుడు అనర్హుడా కాడా యని తీర్పు చెప్పవలసినవాడు ఆయనయే. తీర్పునకు గడువు మాత్రము ఆ షెడ్యూలులో లేదు. తెలంగాణలో పదిమంది సభ్యులపై వచ్చిన ఇట్టి అర్జీలను మూడు మాసములలో తేల్చవలెనని 2025 జులై 31న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చెను. ఈ పని స్పీకరుకే ఉంచుట తగునా యని పార్లమెంటు ఆలోచింపవలెననియు ఆ తీర్పులో నున్నది. ద్యూతసభలోవలె ప్రశ్న అడుగబడినది, సమాధానము ఆలసించినది. ఆలస్యము కూడ ఒక పక్షమునకు అనుకూలమైన తీర్పే యగునని లెక్కలు వ్రాయువారికి తెలియును. వసూలు కావలసిన సిస్తును ఏటేట వాయిదా వేసినచో మాఫీ చేసినట్లేకదా.

తెలుగు సభల చరిత్రలో విశేషమొకటి గలదు. 1953లో ఆంధ్రరాష్ట్ర సభ ఎన్నికలవలన పుట్టలేదు. మద్రాసు సభనుండి విడివడి వచ్చిన సభ్యులే కర్నూలులో కూడి నల్లపాటి వెంకటరామయ్యను స్పీకరుగ ఎన్నుకొనిరి. 1956లో ఆంధ్రప్రదేశ్ సభయు అట్టిదే. 1955లో ఎన్నికైన ఆంధ్రసభ్యులును, 1952లో హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన తెలంగాణ సభ్యులును ఒక్క పైకప్పు క్రిందికి వచ్చిరి. కర్నూలు సభవారికి ఒక వాడుక, హైదరాబాదు సభవారికి ఒక వాడుక. ఒకరి ముఖము నొకరు సరిగ ఎరుగరు. ఆ యేడు డిసెంబరులో వారందరికి స్పీకరైనవారు అయ్యదేవర కాళేశ్వరరావు. ఆయన స్వీయచరిత్ర ‘నవ్యాంధ్రము – నా జీవితకథ’ గ్రంథాలయములలో చదువరుల చేతికి రావలసిన పొత్తము. 1957లో ఎన్నికలు తెలంగాణ ప్రాంతమున మాత్రమే జరిగెను. అటుపై 301 మంది గల ఆ సభలో సగమునకు పైగా సభ్యులు మునుపటి ఎన్నిక నాటివారు. రెండు గ్రామముల లెక్కలు ఒక్క దఫ్తరములో కలిపి నడిపించుట యెంత కష్టమో, ఆ పీఠమున కూర్చుండుట అంత కష్టమై యుండును. ఆయన 1962లో కాలము చేయువరకు ఆ పీఠముననే యుండిరి.

2014లో దీనికి విపరీతము జరిగెను. ఎన్నికలు అవిభక్త రాష్ట్రమున జరిగి, జూన్ 2 నాటికి 294 స్థానముల సభ 175గను, 119గను విడిపోయెను. ఆంధ్రప్రదేశ్‌కు కోడెల శివప్రసాదరావు, తెలంగాణకు సిరికొండ మధుసూదనాచారి స్పీకర్లైరి. 2017లో ఆంధ్రప్రదేశ్ సభ వెలగపూడికి తరలువరకు రెండు సభలును హైదరాబాదులోని ఒకే ఆవరణమున పనిచేసినవి. విడిపోయిన అన్నదమ్ములు ఒకే లోగిలిలో వేరు పొయ్యిలు పెట్టుకొనుట పల్లెలలో వింత గాదు.

స్పీకరు వచ్చిన పిమ్మట తక్కినవి వడివడిగ సాగును. ఎన్నికల తరువాతి తొలి సమావేశమున గవర్నరు ప్రసంగించును. దానికి ధన్యవాద తీర్మానము నడచును. అందు ఓడినచో మంత్రివర్గము నిలువరాదు. స్పీకరు లేనివేళ పీఠమును చూచుకొనుటకు కొందరు సభ్యుల పేర్లు ప్రకటింపబడును. పని పంచుటకు కార్యక్రమ సలహా సంఘము, ఖర్చు విచారించుటకు ప్రభుత్వ లెక్కల సంఘము ఏర్పడును. లెక్కల సంఘమునకు ప్రతిపక్షమువారిని అధ్యక్షులుగ ఉంచుట మంచి సంప్రదాయము. వ్రాసినవాడే తనిఖీ చేసినచో ఆ తనిఖీకి విలువ యెక్కడిది? సభ సాగుటకు పదిమంది లేదా మొత్తములో పదియవ వంతు, ఏది యెక్కువైన అంతమంది ఉండవలెను. 175 మందికి 18 మంది. వేల ఓట్లతో గెలిచినవారికి ఈ చిన్న సంఖ్య కొన్నివేళల సమకూడకుండుట శోచనీయము.

డిప్యూటీ స్పీకరును వీలైనంత త్వరలో ఎన్నుకొనవలెనని రాజ్యాంగము చెప్పినది. దినములు చెప్పలేదు. 2019లో కూడిన లోక్‌సభ 2024లో రద్దగువరకు డిప్యూటీ స్పీకరు లేకయే నడచెను. అయిదేండ్లును త్వరలోనే యనుకొనవలెను కాబోలు!

సభ రద్దయినప్పుడు సభ్యులందరి పదవులు ఆ క్షణముననే పోవును. స్పీకరు పదవి మాత్రము పోదు. క్రొత్త సభ తొలిసారి కూడుటకు సరిగ ముందు క్షణము వరకు ఆయన ఆ పదవిలో నుండును. ఎన్నికలు జరుగుచుండగా, సభ్యులెవ్వరును లేని ఆ కాలమున, సభ తరఫున మిగిలినవాడు ఆయనయొక్కడే. క్రొత్త సభ్యులు వచ్చునాటికి ఆయన తప్పుకొనును. ప్రొటెం స్పీకరు పీఠమెక్కును. బల్లపై సభ్యుల పట్టిక తెరచియుండును.