మన కాళ్లు మన కోసం

(యాప్రాల్‌లో ఆదివారం జరిగిన కూడికలో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

మధ్యాహ్నం అన్నం వేళ పరుగు గురించి మాట్లాడమని మమ్మల్ని ఇక్కడ నిలబెట్టారు. భూమి గురించి, కూలి గురించి, దాడుల గురించి మాట్లాడే చోట ఈ ఉరుకుడు ముచ్చటేందని కొందరికి అనిపిస్తది. అనిపించడంలో తప్పు లేదు. పరుగు అనగానే మనకు కనపడేది తెల్లారకముందే కారు దిగి, రంగుబూట్లు వేసుకొని, చెవుల్లో పాటలు పెట్టుకొని ఉరికేటోళ్లు. వాళ్లకు ఒంట్లో కొవ్వుంది, ఉరుకుతరు, మనకేం పని అంటాం.

మనకు పని ఉంది. ఉరుకుడు అందరికంటే ఎక్కువ తెలిసింది మనకే. కాకపోతే ఇన్నాళ్లూ మనం మన కోసం ఉరకలేదు.

ఎవరి కోసం ఉరికినం?

నిజాం కాలంలో తెలంగాణ పల్లెల్లో వెట్టి నడిచింది. దొర సవారీ బండి కదిలితే ముందొకడు, వెనకొకడు ఉరకాలె. అధికారి ఊళ్లోకి దిగితే ఆయన మూట, ఆయన కాగితం, ఆయన కబురు పక్కూరికి చేర్చాలె. ఉరికింది మాల మాదిగలు. దానికి కూలి లేదు, వేళ లేదు, అలసట వచ్చిందని చెప్పే నోరు లేదు. కాళ్లు మనవే, ఉరుకు మాత్రం దొరది.

ఆ తర్వాత ప్రాణం కోసం ఉరికినం. 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి, పొలాల్లో వెంటాడి ఆరుగురిని చంపారు. తాగే నీళ్ల చెరువును పాడుచేయొద్దన్న మాట దగ్గర మొదలైంది ఆ గొడవ. 1991 ఆగస్టు 6న చుండూరులో పొలాల్లోకి ఉరికిన దళితులను నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఎనిమిది మంది. ఆ పొలాల గట్ల మీద ఉరికిన కాళ్లు మనవాళ్లవి.

అందుకే చెప్తున్నాం. ఎవడూ తరమకుండా, ఎవడూ పిలవకుండా, మన ఇష్టంతో మనం ఉరకడం చిన్న సంగతి కాదు. వెట్టి మోసిన తాత మనుమడు, మనుమరాలు పట్టపగలు నడిరోడ్డు మీద తన ఒంటి కోసం ఉరుకుతున్నరు. దానికి కండలు పెంచుకోవడం కంటే పెద్ద అర్థం ఉంది.

మధ్యాహ్నమే ఎందుకు?

డాక్టర్లు పొద్దున్నే పరుగెత్తమంటారు. పొద్దున్న మనకెక్కడిది? నల్లా వచ్చే రోజు నీళ్లు పట్టాలె. పొయ్యి వెలిగించాలె, పిల్లలకు బాక్సులు కట్టాలె, బస్సు అందుకోవాలె. సాయంత్రం మళ్లీ బస్సు, మళ్లీ పొయ్యి, మళ్లీ పిల్లలు. ఆడోళ్లకైతే చీకటి భయం కూడా. పొద్దు మొత్తంలో మనదని చెప్పుకునే గంట ఒక్కటే, అన్నం గంట.

ఆ గంట యజమాని దయతో వచ్చింది కాదు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశారు. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48 గంటలకు తగ్గించే బిల్లు ఆయన హయాంలోనే వచ్చి 1946లో చట్టమైంది. అయిదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించొద్దు, నడుమ కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలె అని 1948 ఫ్యాక్టరీల చట్టం రాసింది. అంటే మనం తినే అన్నం ముద్ద వెనక, ఆ కూర్చునే అరగంట వెనక కొట్లాట ఉంది.

ఇప్పుడేం జరుగుతోంది? 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం దుకాణాలు తప్ప మిగతా వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 గంటలు దాటొద్దని అందులోనే ఉంది. కాగితం మీద లెక్క సరిపోతది. కానీ గేటు కాడ నిలబడే మనిషికి, డ్రైవర్ సీట్లో కూర్చునే మనిషికి, కంప్యూటర్ ముందు వంగిన మన పిల్లకు రోజు పొడుగైతది. పొడుగైన రోజులో మొదట కరిగిపోయేది అన్నం వేళే. ‘తింటూనే ఫోన్ ఎత్తు’, ‘తింటూనే గేటు చూడు’ అంటారు. వాడని హక్కు తుప్పు పడతది. మధ్యాహ్నం ఉరికేటోళ్లం ఆ గంటను రోజూ వాడి చూపిస్తున్నాం.

పల్లెల నుంచి వచ్చిన పెద్దలకు ఒక మాట. నాట్లేసి, మూటలు మోసి, రోజంతా ఒళ్లు వంచేటోళ్లకు ఈ పరుగు అక్కర్లేదు. పొద్దంతా ఇటుకలు మోసిన మనిషికి మధ్యాహ్నం కావాల్సింది నీడ, నీళ్లు, కాసేపు నడుం వాల్చే చోటు. ఉరకమని ఆ మనిషికి చెప్పినోడికి బుద్ధి లేనట్టే. మేం చెప్పేది పట్నం వచ్చిన మీ పిల్లల గురించి. స్టూలు మీద పన్నెండు గంటలు కూర్చునే కాపలా పని, ఆటో పని, కౌంటర్ పని. ముప్పై అయిదు దాటకముందే షుగరు, బీపీ పట్టుకుంటున్నయి. ఉద్యమంలో తిరిగేటోళ్లకూ అంతే. మీటింగులు, చాయ్‌లు, బీడీలు, రాత్రి బస్సులు. నలభై అయిదుకే మంచం ఎక్కిన కార్యకర్త ఎంత మంచివాడైనా రేపటి ఊరేగింపుకు రాలేడు.

యాప్రాల్ రోడ్ల మీద

యాప్రాల్ పేరులోనే యాప ఉంది. ఒక పక్క మిలిటరీ స్థలాలు, ఒక పక్క గోడలు కట్టిన కాలనీలు, అటు జవహర్‌నగర్. కాలనీల లోపల నడిచే బాటలు, పచ్చగడ్డి ఉన్నయి. వాటికి కాపలా కాసేది మనవాళ్లే, వాటి మీద నడిచేది మనవాళ్లు కాదు. కాబట్టి మన పరుగంతా రోడ్డు మీదే.

రోడ్డు మీద మనకు ఇంకో చిక్కుంది. కారాయన ఉరికితే ఆరోగ్యం కోసం అంటారు. నల్లటి మనిషి, చెమట బనీనుతో ఉరికితే ‘ఎవరింట్ల పడి ఉరుకుతున్నడు?’ అంటారు. మా వాళ్లను ఇట్లనే ఆపి అడిగారు, ఒకసారి కాదు. దీనికి మేం కనుక్కున్న మందు రెండు ముక్కలు. ఒంటరిగా ఉరకొద్దు, ఇద్దరు ముగ్గురు కలిసి ఉరకండి. రోజూ ఒకే వేళకు, ఒకే దారిలో ఉరకండి. వారం తిరిగేసరికి చాయ్ బండి ఆయన, పంక్చర్ల షాపు ఆయన, కొబ్బరిబొండాల అమ్మ మిమ్మల్ని గుర్తుపడతారు. ‘ఇయ్యాల ఒకరు తక్కువున్నరేంది?’ అని వాళ్లే అడుగుతారు. అలవాటు ఒంటికి ఎంత మేలో, పరువుకు అంత కాపలా.

మిలిటరీ స్థలాల్లోకి, బోర్డులు పెట్టిన దారుల్లోకి పోవద్దు. కంటోన్మెంట్ల రోడ్లు జనానికి తెరవమని 2018 మేలో రక్షణ శాఖ చెప్పాల్సి వచ్చిందంటే, రోడ్డు మీద నడిచే హక్కు కూడా అడిగితేనే వస్తదని తెలుసుకోవాలె. జేబులో గుర్తింపు కార్డు పెట్టుకోండి. జవహర్‌నగర్ చెత్తకుప్ప గాలి ఇటు తిరిగిన రోజు పరుగు మానుకొని లోపలే మెట్లు ఎక్కి దిగండి. నగరం చెత్తంతా ఎవరి గడపల కాడ పోస్తున్నరో ముక్కుకు తెలుస్తనే ఉంది. దాని మీద వేరే సభ పెట్టుకోవాలె.

ఎట్ల చెయ్యాలె?

వారానికి మూడు రోజులు, రోజుకు 25 నిమిషాలు. మొత్తం 75 నిమిషాలు. గట్టి వ్యాయామమైతే వారానికి కనీసం అంత ఉండాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. గంట విరామం ఉన్నోళ్లు ఇట్ల పంచుకోండి. బట్టలు మార్చుకోను అయిదు నిమిషాలు, పరుగుకు 25, చెమట ఆరను, కడుక్కోను పది, తినను ఇరవై. అరగంటే ఉన్నోళ్లు ఉరకొద్దు. పది నిమిషాలు గబగబ నడిచి వచ్చి తినండి. అదీ లెక్కలోకే వస్తది.

ముందు పరుగు, తర్వాత అన్నం. తిని ఉరికితే కడుపులో పోట్లు వస్తయి. పది గంటలకు ఒక అరటిపండు తింటే చాలు. మొదటి అయిదు నిమిషాలు నడక. ఆ తర్వాత పక్కనోడితో మాట్లాడుకుంటూ ఉరకగలిగేంత వేగమే వేగం. మాట ఆడకపోతే వేగం తగ్గించండి. ఎవరితోటీ పందెం లేదు. బూట్లు ఖరీదైనవి అక్కర్లేదు, కాలికి సరిపోయి, అడుగు మెత్తగా ఉంటే చాలు. చెప్పులతో మాత్రం ఉరకొద్దు.

ఎండ గురించి గట్టిగా చెప్తున్నాం. 2015 మేలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది కూలీలు, ముసలోళ్లు. ఎండకు కులం లేదంటారు గానీ, ఎండలో ఎవరు నిలబడాలో మాత్రం కులమే తేలుస్తది. శివరాత్రి దాటినంక వానలు పడేదాకా మధ్యాహ్నం పరుగు బంద్. ఆ మూడు నాలుగు నెలలు ఆ గంటను వదలొద్దు. నీడలో మెల్లగ నడవండి, ఒళ్లు సాగదియ్యండి, నలుగురు కూర్చొని పత్రిక చదవండి. వానలు పడి చల్లబడ్డంక అదే వేళకు మళ్లీ మొదలుపెట్టవచ్చు. మిగతా నెలల్లో కూడా తల మీద తడి గుడ్డ, ముందూ వెనకా నీళ్లు, తర్వాత ఉప్పేసిన మజ్జిగ. తల తిరిగినా, వాంతి వచ్చేటట్టున్నా, ఒళ్లు కాలుతూ మాట తడబడినా వెంటనే ఆగాలె. నీడకు చేర్చి ఒళ్లు తడపండి, 108కి ఫోన్ చేయండి. నలభై దాటినోళ్లు, షుగరు, బీపీ ఉన్నోళ్లు ముందు బస్తీ దవాఖానలో చూపించుకోండి, అక్కడ పైసలు అడగరు. ఛాతీలో నొప్పి ఉన్నోళ్లు డాక్టర్ మాట లేకుండా అడుగు పెట్టొద్దు.

నీళ్లు, వాసన

ఒక ఆఫీసులో మా వాళ్లు పరుగు ముగించి నీళ్ల క్యాన్ కాడ నిలబడితే ‘వాసనొస్తోంది, బయట తాగండి’ అన్నారు. అదే చెమటతో అదే ఆఫీసు పెద్దాయన జిమ్ము నుంచి వస్తే ఎవరికీ వాసన రాలేదు. చెమటకు వాసన ఉంటది, నిజమే. మేం ఒక తువ్వాల, ఒక బనీను ఎక్కువ తెచ్చుకుంటాం, ఒళ్లు తుడుచుకుంటాం. కానీ నీళ్లు మాత్రం అందరూ తాగే కాడే తాగుతాం. మహాడ్‌లో 1927 మార్చి 20న బాబాసాహెబ్ చెరువులోకి దిగి దోసిలి పట్టింది దాహం తీర్చుకోవడానికి మాత్రమే కాదు. మా వాళ్లు గొడవ పెట్టుకోలేదు. మర్నాడు మళ్లీ ఉరికారు, మళ్లీ అదే క్యాన్ కాడికి పోయారు. మూడో వారానికి ఆ మాట ఆగింది.

అలవాటు ఎక్కడ తెగుతది?

మొదలుపెట్టడం సులువు. నాలుగో వారంలో తెగుతది. పండుగ వస్తది, ఊళ్లో చావు వస్తది, నైట్ డ్యూటీ పడతది. తెగితే తెగనియ్యండి. తప్పిన రోజులన్నీ ఒకేనాడు ఉరికి బాకీ తీర్చాలనుకోవద్దు, మోకాలు పోతది. మర్నాడు సగం దూరంతో మొదలుపెట్టండి. నైట్ డ్యూటీ చేసొచ్చినోడికి పరుగు కంటే నిద్ర ముఖ్యం. మేం ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాం. అందులో దూరం రాయం, వేగం రాయం. వచ్చినోళ్ల పేర్లు మాత్రం రాస్తాం. వరుసగా మూడు సార్లు పేరు లేకపోతే ఒకరం పోయి ఇంటికాడ కనుక్కుంటాం. అట్ల పోయినప్పుడే జీతం ఆగిన సంగతి, ఇంట్లో జబ్బు సంగతి బయటపడుతున్నయి. సంఘం కట్టడం అంటే ఇదే గదా!

ఆడోళ్లు వస్తరా అని అడుగుతున్నరు. వస్తున్నరు. చున్నీ నడుముకు కట్టుకొని వస్తున్నరు. మొదట్లో నవ్వినోళ్లు ఉన్నరు. ఇప్పుడు పిల్లలు ‘అమ్మా, ఇయ్యాల ఎంతసేపు ఉరికినవ్?’ అని అడుగుతున్నరు. సికింద్రాబాద్ బిడ్డ అగసర నందిని సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది, తండ్రి చాయ్ అమ్మేటాయన. 2023లో హాంగ్‌ఝౌ ఏషియా క్రీడల్లో ఏడు ఆటల పోటీ హెప్టాథ్లాన్‌లో కంచు పతకం తెచ్చింది. వరంగల్ జిల్లా కల్లెడ కూలీల బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కంచు గెలిచింది. మనందరం పతకాలు తేము. కానీ ఆ బిడ్డలకు దొరికినట్టు ఒక మైదానం, కడుపునిండా తిండి, నేర్పే గురువు దొరికితే ఎంతమంది ఉరికేటోళ్లో లెక్క కట్టండి. ప్రతి వాడకు ఆట స్థలం అడగడం మన డిమాండ్లలో ఉండాలె.

చివరగా మూడు పనులు చెప్పి దిగుతాం. పనిచేసే ప్రతి చోట అన్నం వేళ ఎన్ని నిమిషాలు ఇస్తున్నరో, నిజంగా ఎన్ని దొరుకుతున్నయో రాసుకొని వచ్చే కూడికకు తీసుకురండి. ఇద్దరిని వెతుక్కోండి, వేళ ఒకటి, దారి ఒకటి ఖాయం చేసుకోండి. ఇంటిపని చేసే అక్కలకు, రోడ్లు ఊడ్చే అక్కలకు అసలు అన్నం గంటే లేదు. వాళ్లకు ఆ గంట రాబట్టే పని ముందు పెట్టుకుందాం. వాళ్లు ఆ గంటలో ఉరుకుతరో, పండుకుంటరో వాళ్ల ఇష్టం.

జై భీమ్!