ఊరి చివరి వాడకు నీళ్లు

యోహాను సువార్త అయిదవ అధ్యాయములోని బేతెస్ద కోనేరు మీకు తెలిసినదే. అక్కడ 38 ఏండ్లుగా జబ్బుతో పడియున్న మనిషి ప్రభువుతో ఏమని చెప్పుకున్నాడు? తనను నీళ్లలోకి దించేవాడు లేడనియు, తాను వెళ్లేలోగా వేరొకడు దిగుతున్నాడనియు చెప్పుకున్నాడు. కోనేరు అందరిదే. అందినది మాత్రం మనుషుల అండ ఉన్నవారికే.

ఈ భాగము చదివినప్పుడెల్లా నాకు నల్లగొండ జిల్లా జ్ఞాపకం వస్తుంది. అక్కడ అనేక గ్రామాలలో భూగర్భమందలి రాళ్ల నుండి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మించిన నీళ్లు ఏండ్ల తరబడి త్రాగితే పిల్లల పళ్లు గారపడతాయి, ఎముకలు బిగుసుకుపోయి వంగిపోతాయి. వంగిన ఎముకను తిరిగి సరిచేసే మందు లేదు.

ఊరంతటికీ నీళ్లు ఒకటే గదా, తేడా ఎక్కడ అని మీరడగవచ్చు. డబ్బున్నవాడు క్యాను నీళ్లు కొనుక్కోగలడు. ఎండలో కూలి చేసేవాడికి దాహమెక్కువ, దొరికేది బోరు నీళ్లే. పైగా పాలు, గుడ్లు, ఆకుకూరలు చాలని శరీరానికి అదే ఫ్లోరైడ్ మరింత హాని చేస్తుంది.

పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించినది. దానికి నల్లగొండ పేరే పెట్టారు. మంచి పద్ధతే. అయితే రోజూ కొలత ప్రకారం కలిపి, మడ్డి తీసివేసే మనిషి ఉండాలి. ఆ మనిషికి జీతమివ్వని ఊరిలో అది పనిచేయదు. తరువాత కృష్ణా నీళ్లు పైపులలో వచ్చాయి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ఇంటింటికీ కుళాయి పెట్టే పని చేపట్టింది. నా దృష్టిలో ఇది ఎన్నో ఆస్పత్రుల పెట్టు. ఎందుకంటే కోనేరే మనిషి దగ్గరకు వచ్చినది.

అయినా ఒక ప్రశ్న ఉన్నది. ఊరి చివరి వాడకు నీళ్లు ఎక్కుతున్నాయా? రెండు రోజులు కుళాయి రాకపోతే మళ్లీ బోరు దగ్గరకు పోయేదెవరు? 2015లో తెలంగాణలో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణులకు అంగన్‌వాడీలోనే భోజనము, గుడ్డు, పాలు పెట్టింది. మధ్యాహ్నం వరినాట్లలో ఉన్న గర్భిణి అక్కడికి ఎలా రాగలదు? 40 శాతం వైకల్యమున్నదని పత్రముంటేనే వికలాంగుల పింఛను. ఆ పత్రము కొరకు పెద్ద ఆస్పత్రికి పోవాలి. నడవలేనివాడు బస్సెక్కి వచ్చి, తాను నడవలేనని రుజువు చేసుకోవాలన్నమాట! శిబిరమే మండలానికి వస్తే ఎంత మేలు.

1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను పేర్కొన్నది. త్రాగునీరు, ఆరోగ్యము, స్త్రీ శిశు అభివృద్ధి వాటిలో ఉన్నాయి. కనుక వీటిని గురించి గ్రామసభలో అడగడం మన హక్కు. మీలో వాల్వు తిప్పేవారున్నారు, ఆశా కార్యకర్తలున్నారు, వార్డు సభ్యులున్నారు. ఈ ఆదివారం ఆరాధన అయిన తరువాత చివరి వాడకు వెళ్లండి. వారం రోజులలో కుళాయి ఎన్నిసార్లు వచ్చినదో ఇంటింటా అడిగి వ్రాసుకొనండి. ఆ కాగితం పట్టుకొని గ్రామసభకు పోండి. నడవలేని పెద్దాయన ఎవరైనా ఉంటే, కుర్చీతో సహా మోసుకొనిపోండి. ఆయన మాట ఆయననే చెప్పనివ్వండి.